ఒక ప్రమాద నివేదికను రెండోసారి రాయడం

ఉప్పల్ మీదుగా మెట్రో రైళ్లు తిరగడం మొదలైన మరుసటి ఏడాది, జూన్ నెలలో, నాచారం పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారిగా చేరాను. అంతకుముందు పదిహేడేళ్లు చర్లపల్లిలో మరో ఫ్యాక్టరీలో ఇదే ఉద్యోగం చేశాను. ఇనుప రేకును కోసి, వంచి, బస్సు సీట్ల కింద బిగించే బ్రాకెట్లు తయారుచేయడం ఈ కొత్త ఫ్యాక్టరీ పని. మూడు షిఫ్టుల్లో కలిపి ఆరువందల మందికి పైగా కార్మికులు ఉండేవారు.

సంక్షేమ అధికారి అంటే ఏమిటని ఇప్పటికీ మా బంధువులు అడుగుతుంటారు. ఐదువందల మందికి తగ్గకుండా పనిచేసే ప్రతి ఫ్యాక్టరీలోనూ ఈ ఉద్యోగి ఉండాలని చట్టం. క్యాంటీను, విశ్రాంతి గది, ప్రథమ చికిత్స గది, కార్మికుల ఫిర్యాదులు, గాయపడినవారి బాగోగులు ఈ ఉద్యోగి చూడాలి. జీతం ఇచ్చేది యాజమాన్యం, పని చెప్పేది చట్టం. ఈ రెండింటి మధ్య ఎటూ ఒరగకుండా నిలబడటమే ఉద్యోగమని నేను మొదటి నుంచీ అనుకునేదాన్ని. నిలబడగలనని కూడా అనుకునేదాన్ని.

యాదగిరి సంగతి చెప్పే ముందు ప్రెస్సు గురించి నాలుగు మాటలు చెప్పాలి. పవర్ ప్రెస్సు అంటే పైనుంచి పెద్ద బరువు దిగి కింద పెట్టిన రేకును ఒక్క దెబ్బకు కావలసిన ఆకారంలోకి తెచ్చే యంత్రం. ఆ ఆకారాన్నిచ్చే ఉక్కు అచ్చును డై అంటారు. ఆపరేటర్ రేకును డై మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని, ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి ఉన్న రెండు బటన్లను ఒకేసారి నొక్కాలి. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే డై కింద చెయ్యి ఉండే అవకాశం లేదు. అందుకే రెండు బటన్లు.

అయితే గంటకు ఇన్ని పీసులు కావాలని పై నుంచి లెక్క వస్తుంది. ఒక బటన్‌ను తీగతో బిగించి కట్టేస్తే అది ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది. అప్పుడు ఒక చేత్తో రేకు అందిస్తూ, రెండో చేత్తో బటన్ నొక్కుతూ పోవచ్చు. పని చకచకా సాగుతుంది. ఆ ఫ్యాక్టరీలో ఉన్న పాత ప్రెస్సులు ఈ మోసాన్ని పసిగట్టగలిగే రకం కావు.

చేరిన మూడో నెలలో, వానలు గట్టిగా పడుతున్న రోజుల్లో, షాపులో, అంటే ప్రెస్సులుండే షెడ్డులో, తిరుగుతుండగా మూడో లైనులో ఒక ప్రెస్సుకు ఆ తీగ చూశాను. పక్కనే ఉన్న షిఫ్టు సూపర్‌వైజర్‌ను పిలిచి, ఇది తప్పు, తీయించండి అన్నాను. అలాగే మేడం అన్నాడు. నేను ముందుకు వెళ్లిపోయాను. నా రౌండ్ల పుస్తకంలో ఆ రోజు క్యాంటీన్‌లో సాంబారు పలుచగా ఉందని రాశాను, మంచినీళ్ల ఫిల్టరు మార్చాలని రాశాను. తీగ సంగతి రాయలేదు. నోటి మాటగా చెప్పాను కదా అనుకున్నాను.

తరువాతి ఫిబ్రవరిలో, రెండో షిఫ్టు మొదలై గంట గడిచాక, ప్రథమ చికిత్స గది నుంచి నాకు ఫోను వచ్చింది. పరుగున వెళ్లేసరికి యాదగిరి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. జనగామ వైపు నుంచి వచ్చి పదహారేళ్లుగా అక్కడ ప్రెస్సు ఆపరేటర్‌గా పనిచేస్తున్నాడు. కుడిచేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయి ఉంది. ఆ తువ్వాలు సత్తయ్యది. సత్తయ్య అదే ప్రెస్సు మీద వంతులవారీగా పనిచేసే జోడీ ఆపరేటర్. ఇద్దరిదీ మల్లాపూర్‌లో ఒకటే గల్లీ. సత్తయ్యే అతన్ని ఎత్తుకుని అక్కడిదాకా తెచ్చాడు. యాదగిరి నన్ను చూసి మొదట అడిగింది చెయ్యి గురించి కాదు.

"డై ఏమన్న పగిలిందా మేడం?"

పగల్లేదని చెప్పాను. అప్పటికి నాకు తెలియదు కూడా.

బీమా ఆసుపత్రిలో ఆ సాయంత్రమే ఆపరేషన్ జరిగింది. చూపుడువేలు, మధ్యవేలు రెండేసి కణుపుల మేర పోయాయి. ఉంగరపు వేలు నిలిచింది కానీ వంగడం కష్టమన్నారు. బొటనవేలికి ఏమీ కాలేదు. చేతి పనిచేసేవాళ్లకు బొటనవేలు మిగిలిందంటే చెయ్యి మిగిలినట్టేనని అక్కడి డాక్టరు చెప్పారు. ఆ మాటను యాదగిరి భార్య అనసూయకు నేనే చెప్పాను. ఆమె విని, "అన్నం తిననీకి వస్తదా మేడం ఆ చేత్తోని?" అని అడిగింది. వస్తుందన్నాను.

ఇక కాగితాల పని. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగితే ప్రమాదాల రిజిస్టరులో రాయాలి, బీమా కార్యాలయానికి ఒక నివేదిక పంపాలి, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు మరో నివేదిక పంపాలి. నివేదికలో ‘ప్రమాదానికి కారణం’ అని ఒక గడి ఉంటుంది. ప్రొడక్షన్ విభాగం వాళ్లు తయారుచేసి పంపిన ముసాయిదాలో ఆ గడిలో ఒక్క వాక్యం ఉంది: ఆపరేటర్ అజాగ్రత్త వల్ల చెయ్యి డై కింద పెట్టడం జరిగింది. సాక్షి వాంగ్మూలం కింద సత్తయ్య సంతకం ఉంది. నేను ప్రమాదం జరిగిన మూడో లైనుకు వెళ్లి చూశాను. అప్పటికే ప్రెస్సును శుభ్రం చేశారు. తీగ లేదు.

తీగ ఉండి ఉంటుందని నాకు అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ నాలో నేను ఒక లెక్క వేసుకున్నాను. బీమా చట్టంలో తప్పు ఎవరిదన్న ప్రశ్న లేదు. డ్యూటీలో గాయమైతే చాలు, వైద్యం, సెలవు కాలపు భృతి, శాశ్వత నష్టానికి పరిహారం అన్నీ వస్తాయి. కారణం గడిలో ఏం రాసినా యాదగిరికి రావలసినది ఒక్క రూపాయి తగ్గదు. తగ్గనప్పుడు ఎనిమిది నెలల కిందట చేరిన నేను ప్రొడక్షన్ వాళ్లతో ఎందుకు పెట్టుకోవాలి? సంతకం పెట్టాను.

ఆ తరువాత నా పనిని నేను శ్రద్ధగానే చేశాను. వారానికోసారి ఆసుపత్రికో, వాళ్ల ఇంటికో వెళ్లేదాన్ని. తెగిన వేళ్ల కొసలు మొదట్లో బట్ట తగిలినా మండుతాయి. వాటిని మెత్తటి గుడ్డతో, తరువాత ముతక గుడ్డతో, ఆ తరువాత ఇసుకలో రోజూ రుద్ది మొద్దుబార్చాలి. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి అతని చేత గోధుమపిండి ముద్ద పిసికించేది, గిన్నెలోంచి రాజ్మా గింజలు ఒక్కొక్కటే తీయించేది. యాదగిరి ఒక్క రోజు మానలేదు. మూడో నెలకల్లా చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. అంత త్వరగా కోలుకున్న చెయ్యిని తాను చూడలేదని ఆ అమ్మాయి అంది. ఆ మాట నేను మా మేనేజరుకు గర్వంగా చెప్పాను.

జూన్ మొదట్లో డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చారు. మూడు నెలలపాటు ప్రెస్సు పని వద్దు, బరువులు వద్దు, లైట్ డ్యూటీ ఇవ్వాలని అందులో రాశారు. లైట్ డ్యూటీ అంటే కోలుకుంటున్న కార్మికుడికి తాత్కాలికంగా ఇచ్చే తేలికపాటి పని. చాలా ఫ్యాక్టరీల్లో అలాంటి పని లేదని చెప్పి మనిషిని ఇంటికి పంపేస్తారు. నేను పట్టుబట్టి గేటు దగ్గర టైమ్ ఆఫీసులో యాదగిరికి చోటు సంపాదించాను. వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవడం, నీడపట్టున కుర్చీలో కూర్చోవడం. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. అతన్ని మాత్రం అడగలేదు.

యాదగిరి నాలుగు రోజులు వచ్చాడు. ఐదో రోజు రాలేదు. వారం గడిచినా రాలేదు. టైమ్ ఆఫీసు నుంచి గైర్హాజరు చీటీ నా బల్ల మీదికి వచ్చింది. జ్వరమేమో అనుకుని ఇంటికి ఫోను చేశాను. అనసూయ తీసింది.

"ఆయన డ్యూటీకి పోయిండు కద మేడం. పొద్దుగాల టిఫిన్ డబ్బా కట్టిచ్చిన."

నేను తడబడ్డాను. అవతల ఆమెకూ అర్థమైంది. తరువాత గొంతు తగ్గించి, "రోజు పోతుండు మేడం. టైముకు పోతుండు, టైముకు వస్తుండు. మొన్న అంగి ఉతుకుతుంటే జేబుల ఉప్పల్ రింగ్ రోడ్డు బస్సు టికెట్లు కనపడ్డయి. నాచారంల డ్యూటీ ఉంటే ఉప్పల్ ఎందుకు పోతుండో నాకు సమజ్ కాలే" అంది.

మర్నాడు పది గంటలకు నేను ఉప్పల్ రింగ్ రోడ్డుకు వెళ్లాను. వరంగల్ వైపు వెళ్లే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. ఆ జనంలో ఒక మనిషి గంటల తరబడి కూర్చున్నా ఎవరూ ఎందుకని అడగరు. వెతకవలసిన అవసరం లేకపోయింది. మెట్రో స్తంభం నీడలో సిమెంటు బెంచీ మీద టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి సంచి కింద దాచుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని పక్కన కూర్చున్నాను.

గేటు పని నచ్చలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాను.

"ఎవ్వలు ఏమనలే మేడం. మంచిగనే మాట్లాడుతున్రు. లోపలికి పోయేటోళ్లు, బయటికొచ్చేటోళ్లు అందరు ఒక్కటే అంటున్రు. ‘జర సూస్కొని చెయ్యాలె కద యాదన్న’ అంటున్రు."

అది ప్రేమతో అన్న మాటే కదా అన్నాను. అతను సంచిలో చెయ్యి పెట్టి, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం తీశాడు. శాశ్వత నష్టాన్ని నిర్ణయించే మెడికల్ బోర్డుకు ఇవ్వడానికి తీయించుకున్న జిరాక్స్ కాపీల్లో అది ఒకటి. ప్రమాద నివేదిక. ఇంగ్లీషులో ఉంది. కింద నా సంతకం ఉంది.

"గిండ్ల ఏం రాసిన్రు మేడం? జర చదివి చెప్పుండ్రి."

ఇంతవరకూ ఎవరి చేతా చదివించుకోలేదా అని అడిగాను.

"నా బిడ్డ చదివింది. పదో తరగతి పరీక్షలు రాసింది కద, దానికి ఇంగ్లీషు వస్తది. చదివి, ‘నాయినా, నువ్వు సూస్కోలేదా?’ అని అడిగింది. ఇగ మీ నోటితోని ఇందామని."

చదివాను. పక్కన కండక్టర్లు జనగాం, హన్మకొండ అని అరుస్తున్నారు. ఆపరేటర్ అజాగ్రత్త వల్ల అన్న మాటను కూడా దాటవేయలేదు. కింద నా పేరుతో సహా పూర్తిచేశాను.

యాదగిరి కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. "చెయ్యి నేనే పెట్టిన మేడం. కాదంటలేను. లెక్క ఎనకబడ్డదని ఉరుకులాడిన. గానీ తీగ ముచ్చట యాడ రాసిన్రు?" అన్నాడు.

నేను కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టాను.

"వానకాలంల మీరు మా లైన్లకొచ్చి దాన్ని జూసిన్రు. తీయించుమని సూపర్‌వైజర్‌తోని అన్నరు. నేను ఆడనే ఉన్న మేడం, రేకులు అందుకుంటున్న. ఆ దినం నేను అనుకున్న, ఈ మేడం వచ్చింది, ఇగ ఈ తీగలు పోతయని. తెల్లారి మళ్ల కట్టిన్రు. మీరు మళ్ల రాలే."

బీమా ప్రయోజనాలకు ఆ గడితో సంబంధం లేదని, అతనికి రావలసినవన్నీ వస్తాయని చెప్పబోయాను. సగంలోనే ఆపేశాడు.

"పైసల ముచ్చట కాదు మేడం. గేటు కాడ కూసున్ననంటే, తప్పు జేసినోన్ని దయదలిచి కూసోబెట్టినట్టున్నది. పదహారేండ్లు జేసిన. నేను సూస్కోలేదా?"

ఆ ప్రశ్న అతను నన్ను అడిగాడో, తనను తాను ప్రశ్నించుకున్నాడో తెలియదు. ఈ కాగితం సంగతి తేలేదాకా ఇంట్లోనే ఉండండి, గేటు దగ్గర కూర్చోనవసరం లేదు, సెలవు నేను చూసుకుంటాను అని చెప్పి బయల్దేరాను. ఇంటికి వెళ్లలేదు, తిన్నగా ఫ్యాక్టరీకి వెళ్లాను.

పంపిన నివేదికను సరిచేస్తూ అనుబంధ నివేదిక పంపడానికి పద్ధతి ఉంది. దానికి కొత్త ఆధారం కావాలి. మధ్యాహ్న భోజన విరామంలో షాపు ఖాళీ అయ్యాక నేను ఒక్కో ప్రెస్సు దగ్గరికీ వెళ్లి బటన్లు చూశాను. మొత్తం పద్నాలుగు ప్రెస్సులు. వాటిలో పదకొండింటికి ఒక పక్క బటన్ చుట్టూ రంగు ఉంగరంలా అరిగిపోయి ఉంది. తీగ రోజుల తరబడి రాసుకుంటే తప్ప అలా అరగదు. శుభ్రం చేసినవాళ్లు తీగ తీశారు కానీ ఆ అరిగిన గుర్తును తీయలేకపోయారు. ఫోటోలు తీసుకున్నాను. ఇది మొదటి రోజే చూడవలసింది. చూడటానికి పది నిమిషాలు పట్టింది.

తరువాత సత్తయ్యను నా గదికి పిలిపించాను. ముప్పై అయిదేళ్లుంటాయి. లోపలికి వచ్చి నిలబడే ఉన్నాడు. యాదగిరిని చూడటానికి ఎప్పుడైనా వెళ్లావా అని అడిగాను. లేదన్నట్టు తల ఊపాడు. ఒకటే గల్లీ, నాలుగు నెలలు. నువ్విచ్చిన వాంగ్మూలం నిజమేనా అని అడిగితే నేల చూపులు చూస్తూ అన్నాడు.

"తీగ ఆ దినం నేనే కట్టిన మేడం. షిఫ్టు మొదట్ల మిషిన్ మీద నేనున్న. లెక్క అందుతలేదు. కట్టిన. నా వంతు అయినంక యాదన్న కూసున్నడు. నేను విప్పలే, ఆయన విప్పలే. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన. నా కొలువు పోతదేమోనని భయమైంది."

కొత్త వాంగ్మూలం ఇస్తావా అని అడిగాను. ఇస్తే తన పేరు రాస్తారా అని అడిగాడు. ఏమీ కాదని నేను మాట ఇవ్వలేకపోయాను. పదకొండు ప్రెస్సుల మీద ఆ గుర్తులున్నాయి కాబట్టి ఇది ఒక్క మనిషి చేసిన పని కాదని రుజువు చేయగలనని, అంతకుమించి నా చేతిలో లేదని చెప్పాను. ఆలోచించుకుని రేపు చెప్పమన్నాను. మర్నాడు షిఫ్టుకు గంట ముందే వచ్చాడు. "రాయుండ్రి మేడం" అన్నాడు.

ప్లాంట్ మేనేజరు చెడ్డవారు కారు. నా కాగితాలు చదివి, ముగిసిపోయిన విషయాన్ని ఎందుకు తిరగదోడుతున్నారని అడిగారు. ఆ మనిషికి అందవలసినవన్నీ అందాయి, చెయ్యి బాగుపడింది, పని కూడా ఇచ్చాం, ఇంకేం కావాలి అన్నారు. వారం కిందట నేనూ అదే అనేదాన్ని. అనుబంధ నివేదికలో చివరి వాక్యం మీద ఆయన వేలు పెట్టి, మీ పేరు మీరే ఎందుకు రాసుకున్నారని అడిగారు. ఆ వాక్యం ఇది: బటన్‌కు తీగ కట్టే అలవాటు షాపులో చాలాకాలంగా ఉంది, సంక్షేమ అధికారి ప్రమాదానికి ఆరు నెలల ముందు దీనిని చూసి, నోటిమాటగా చెప్పి, రాతపూర్వకంగా నమోదు చేయలేదు. అది నిజం కనుక రాశానని చెప్పాను. ఇతరుల తప్పులు మాత్రమే రాసి నాది దాస్తే ఎవరూ సంతకం పెట్టరని కూడా నాకు తెలుసు.

భద్రతా కమిటీని కూర్చోబెట్టారు. ఇందులో యాజమాన్యం తరఫున కొందరు, కార్మికుల తరఫున కొందరు ఉంటారు. మూడు గంటలు వాదన జరిగింది. క్రమశిక్షణ చర్యగా సత్తయ్యకు చార్జిషీటు ఇవ్వాలని ఒకరన్నారు. నేను ఫోటోలు బల్ల మీద పరిచి, ఇస్తే పదకొండు ప్రెస్సుల మీద మూడు షిఫ్టుల వాళ్లందరికీ ఇవ్వాలి, వాళ్లకు గంట లెక్క రాసిచ్చినవాళ్లకూ ఇవ్వాలి అన్నాను. చివరకు కారణం గడిలో మాట మారింది. భద్రతా ఏర్పాటును పనిచేయకుండా చేసే అలవాటు, దానిని అదుపు చేయడంలో పర్యవేక్షణ లోపం అని రాశారు. ఆపరేటర్ అజాగ్రత్త అన్న మాట పోయింది. నాకు మాత్రం ఒక మెమో వచ్చింది, తీగను చూసినప్పుడు ఎందుకు రాయలేదని. పొరపాటు నాదేనని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చాను. పదవీ విరమణ రోజున నా ఫైలు చూసుకుంటే ఆ మెమో అందులోనే ఉంది.

కొత్త నివేదికను తెలుగులో రాసుకుని, ఒక ఆదివారం మల్లాపూర్ వెళ్లి యాదగిరికి చదివి వినిపించాను. వాళ్ల అమ్మాయి పక్కన కూర్చుని విన్నది. యాదగిరి ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం తీసుకుని కూతురి చేతికిచ్చి, "లోపల పెట్టు" అన్నాడు. అంతే.

మేము టీ తాగుతుండగా గుమ్మం దగ్గర సత్తయ్య వచ్చి నిలబడ్డాడు. నేను రమ్మనలేదు. ఎవరూ రమ్మనలేదు. లోపలికి రావడానికి అతనికి కాలు ఆడలేదు.

"ఏందిరా సత్తిగా, నాలుగిండ్ల అవతల ఉండి నాలుగు నెలలకు తొవ్వ దొరికిందా?" అన్నాడు యాదగిరి.

"ఏం మొకం పెట్టుకొని రావాలె అన్న? తీగ కట్టింది నేను."

యాదగిరి కుడిచేతిని ఎడమచేత్తో నిమురుకున్నాడు. అనసూయ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నేను యాదగిరి మొహం చూడలేక గోడకున్న క్యాలెండరు చూస్తున్నాను.

"నువ్వు కట్టకపోతే నేను కడుతుంటి" అన్నాడు యాదగిరి. "కూసో. చాయ్ తాగు."

సత్తయ్య గడప దాటి లోపలికి వచ్చి, కుర్చీ ఉన్నా నేల మీదే కూర్చున్నాడు. అనసూయ గ్లాసు ఇచ్చింది. తాగలేక, తాగలేక తాగాడు. ఆ తరువాత ఇద్దరూ ప్రమాదం గురించి మాట్లాడలేదు. ఫ్యాక్టరీలో ఎవరెవరు ఏ షిఫ్టులో ఉన్నారో మాట్లాడుకున్నారు.

ఈసారి ఏ పని చేస్తారని యాదగిరినే అడిగాను. అతను చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్నట్టు వెంటనే చెప్పాడు. "డై సెట్టింగ్ ఇయ్యుండ్రి మేడం. ప్రెస్సు మీద కూసోను. గానీ డై సక్కగ కూసున్నదా లేదా నాకు ఎర్క. ఎడమ చెయ్యి మంచిగనే ఉన్నది."

డై సెట్టింగ్ అంటే పని మొదలుకాక ముందు, ఆగి ఉన్న ప్రెస్సులో అచ్చును సరిగ్గా అమర్చి బిగించడం. నైపుణ్యం కావలసిన పని. బరువైన అచ్చులను క్రేన్ ఎత్తుతుంది, మనిషి సరిచూసి బోల్టులు బిగించాలి. టూల్ రూమ్ ఫోర్‌మన్ సందేహించాడు. డాక్టరును అడిగితే, బరువు ఎత్తనంతవరకు అభ్యంతరం లేదన్నారు. ఒక నెల చూద్దామని ఒప్పించాను.

ఆ నెల సజావుగా గడవలేదు. మొదటి వారం బోల్టులు చేతిలోంచి జారిపోయేవి. పక్క ప్రెస్సు దెబ్బ వినబడినప్పుడల్లా యాదగిరి భుజాలు బిగుసుకునేవి. ఒకటి రెండుసార్లు పని మధ్యలో వదిలి బయటికి వెళ్లిపోయాడని ఫోర్‌మన్ ఫిర్యాదు చేశాడు. వెళ్లనివ్వండి, తిరిగి వస్తాడు అన్నాను. వచ్చేవాడు. స్పానరు పిడికి టూల్ రూమ్‌లోనే లావుపాటి రబ్బరు తొడుగు వేయించాం. మిగిలిన రెండు వేళ్లకు, బొటనవేలికి పట్టు దొరికింది.

మరో చిక్కు కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు అనుబంధ నివేదిక చదివి, వచ్చి చూసి వెళ్లాక, రెండు బటన్లనూ విడిచి మళ్లీ ఒకేసారి నొక్కితే తప్ప పనిచేయని కొత్త పరికరాలు అన్ని ప్రెస్సులకూ బిగించారు. పని నెమ్మదించింది. పీసుల లెక్క తగ్గింది. దానితో వచ్చే ప్రోత్సాహకమూ తగ్గింది. కొందరు కార్మికులు, ఇదంతా యాదగిరి వల్లేనని అతని ముందే అన్నారు. అజాగ్రత్త అన్నప్పుడు తల దించుకున్న మనిషి ఈ మాటకు దించుకోలేదని ఫోర్‌మన్ నాకు చెప్పాడు. కుడిచెయ్యి పైకెత్తి, "లెక్క కావాల్నా, వేళ్లు కావాల్నా?" అని అడిగాడట. గంట లెక్కను సవరించడానికి యాజమాన్యానికి మరో అయిదు నెలలు పట్టింది.

యాదగిరి డై సెట్టర్‌గానే స్థిరపడ్డాడు. నేను రిటైరైన నాటికి టూల్ రూమ్‌లో అతనే సీనియరు. చలికాలం పొద్దున్నే ఉంగరపు వేలు వంగదు, వేడినీళ్లలో పెట్టుకుని వస్తాడు. మూడో లైనులో డై మార్చవలసి వస్తే మాత్రం ఇప్పటికీ వేరేవాళ్లను పంపుతాడని విన్నాను. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

ఈ వ్యవహారం తరువాత నా పనిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ ప్రమాద నివేదిక మీదైనా సంతకం పెట్టే ముందు, గాయపడిన మనిషి వినగల స్థితికి వచ్చాక, అతనికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అతను చెప్పేది వేరే కాగితం మీద రాసుకునేదాన్ని. గడువు దాటకుండా మొదటి సమాచారం మాత్రం పంపేసి, కారణం గడిని ‘విచారణలో ఉంది’ అని వదిలేసేదాన్ని. అలా చేయాలని ఏ చట్టంలోనూ లేదు, చేయకూడదనీ లేదు. గాయపడినవాళ్లలో ఇద్దరు ముగ్గురు నా రాతతో ఒప్పుకోలేదు. వాళ్లు చెప్పింది ఒక్కోసారి సరికాదు కూడా. అప్పుడు రెండు మాటలూ ఫైలులో ఉంచాను.

దీనివల్ల అందరూ త్వరగా పనిలోకి వచ్చారని చెప్పను. కొందరు అసలు రాలేదు. నేను తెలుసుకున్నది ఇంతవరకే: గాయపడిన కార్మికుడి చేతికి వైద్యం, మనిషికి తగిన పని ఏర్పాటు చేస్తే మా బాధ్యత తీరిపోతుందని మా వృత్తిలో అనుకుంటాం. కానీ ఆ ప్రమాదం గురించి ఫ్యాక్టరీ ఏమని రాసిందో కూడా అతను తిరిగి వచ్చి ఎక్కడ నిలబడగలడో నిర్ణయిస్తుంది. ఆ రాత తప్పయితే, మిగతా సహాయమంతా సక్రమంగా అందినా, అతను ఇంట్లోంచి బయల్దేరి ఫ్యాక్టరీ దాకా రాలేకపోవచ్చు.